ఆదిత్య 369 మళ్ళీ చూశాక: 2504 భాగం ఎత్తేస్తే సినిమాకి నష్టమా?

వశిష్ఠ గట్టు (నర్సాపురం, ఇప్పుడు హైదరాబాద్)

ఒక మాట అడుగుతాను, కొట్టకండి. 2025 ఏప్రిల్ 4న ఆదిత్య 369 ఫోర్‌కేలో మళ్ళీ విడుదలైంది కదా. బాలకృష్ణ కాలయంత్రమెక్కి రాయలవారి విజయనగరానికీ, అక్కణ్ణుంచి 2504వ సంవత్సరానికీ వెళ్ళొచ్చే సినిమా. 1991 జూలైలో మొదటిసారి వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. అప్పటినుంచీ ఆ సినిమాని ఎవరైనా ఒక్క మాట అంటే మీద పడిపోయే బాపతు నేను. ఈసారి మా అబ్బాయిని వెంటేసుకెళ్ళాను. వాడికి పదమూడేళ్ళు.

విజయనగరం భాగం చెక్కుచెదరలేదండి. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా రాగానే హాలు నవ్వింది, మావాడూ నవ్వాడు. జాణవులే పాటలో జిక్కి గొంతు వినిపించేసరికి నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. కెమెరా పని పి.సి.శ్రీరామ్ మొదలుపెట్టి, ఒంట్లో బాగోక ఆగిపోతే వి.ఎస్.ఆర్.స్వామి గారు రాయలవారి కాలం తీశారు, కబీర్‌లాల్ భవిష్యత్తు తీశారు. ముగ్గురు తీసిన సినిమా అని తెలిసి చూస్తే స్వామి గారి పనే అన్నిటికన్నా నిలబడిందని నాకనిపించింది.

గొడవంతా 2504తో. మూడో ప్రపంచ యుద్ధం అయిపోయింది, భూమ్మీద రేడియేషను, మనుషులంతా నేల కింద బతుకుతున్నారు. ఆలోచన బాగానే ఉంది. కానీ ఆ మెరుపు బట్టలు, ఆ గోడలు! "నాన్నా, స్కూల్ యానివర్సరీకి వేసిన సెట్‌లా లేదూ?" అన్నాడు మావాడు. సమాధానం చెప్పలేకపోయాను. విజయనగరం నుంచి మిషనెక్కి నేరుగా హైదరాబాద్ వచ్చేసి, విలన్ అమ్రిష్ పురి సంగతి తేల్చేస్తే సరిపోయేది కదా? 2504 లేకపోతే ఎవరికి లోటు?

మూడో లాకు (మొగల్తూరు దగ్గర)

ఏటండీ మీరు! కుర్రాడు నవ్వాడని సినిమా కోసేస్తారా? రేపు మాయాబజార్ చూసి వాడు ఇంకోటంటాడు, అదీ కోసేద్దాం.

డైరెక్టరు సింగీతం గారు 1931లో పుట్టారు. ఈ సినిమా తీసేటప్పటికి అరవైకి దగ్గర పడ్డారు. ఆ వయసులో ఇంకొకరైతే హాయిగా రెండు కుటుంబ కథలు తీసుకునేవారు. ఈయన 1987లో మాటల్లేకుండా పుష్పక విమానం తీశారు, 1989లో కమల్‌హాసన్ని మరుగుజ్జుని చేశారు, 1991లో తెలుగువాణ్ణి కాలంలో తిప్పారు. కంప్యూటర్ బొమ్మలు లేవు. ఉన్నదల్లా చెక్క, రంగు, లైట్లు, ఆయన బుర్ర. మీకు రాయలవారి సభ కావాలి గానీ దాన్ని నమ్మించిన మనిషి మీద నమ్మకం లేదు.

కొబ్బరి పీచు

మొగల్తూరు వాళ్ళు బాలయ్య సినిమా కోసం పోట్లాడుతున్నారా! కాలయంత్రం ఎక్కడో పని చేసేసింది.

మూడో లాకు

ఊరికీ హీరోకీ ముడెట్టకండి పీచుగారూ. మా ఊళ్ళో అన్ని హీరోల వాళ్ళూ ఉన్నారు, అందరూ ఒకే హాల్లో చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ హాలు ఎరువుల గోడౌను.

చూర్ణిక (రిటైరైన తెలుగు మాస్టారు, అమలాపురం)

అయ్యా, 2504 సంగతి పక్కన పెట్టండి. 1526 సంగతి ఎవరూ మాట్లాడరేం? సినిమాలో వాళ్ళు వెళ్ళింది 1526కి. రాయలవారు 1509 నుంచి 1529 దాకా ఏలారు, కాబట్టి ఏడాది సరిపోయింది. అదే ఏడు ఉత్తరాన పానిపట్టులో బాబరు గెలిచాడు. ఇంతవరకూ బాగుంది. కానీ ఆ సభలో తెనాలి రామకృష్ణుణ్ణి కూర్చోబెట్టారు. పాండురంగ మాహాత్మ్యము రాసిన రామకృష్ణ కవి రాయలవారి తర్వాతి కాలం వాడని పరిశోధకుల్లో చాలామంది అభిప్రాయం. ఆ కావ్యం అంకితం పుచ్చుకున్నది విరూరి వేదాద్రి, రాయలవారు కాదు. మనుచరిత్రము చూడండి, పెద్దన ఎవరికి అంకితమిచ్చాడో తేటతెల్లంగా ఉంటుంది. పిల్లలు సినిమా చూసి అదే చరిత్ర అనుకుంటున్నారు.

వశిష్ఠ గట్టు

మాస్టారూ, నమస్కారం. కానీ మన తాతలు చెప్పిన కథల్లో కూడా రాయలవారి పక్కన రామకృష్ణుడే కదండీ. సినిమా తీసినవాళ్ళు జనం నమ్మేదే తీశారు. నా ప్రశ్న వేరే.

చూర్ణిక

జనం నమ్మేది తీస్తే కాలయంత్రం ఎందుకు? అమ్మమ్మ చాలు.

అణాకానీ (తణుకు)

మాస్టారికి దండం. నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి, 2504 తరఫున ఒక మాట.

దీనికి మూలం హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన నవల అని అందరికీ తెలుసు. అందులోనూ భవిష్యత్తులో నేల కింద మనుషులుంటారు. తేడా ఎక్కడంటే, వెల్స్ దగ్గర పైన తిరిగేవాళ్ళు తిని తిరిగే బాపతు, కింద ఉన్నవాళ్ళు యంత్రాలు నడిపే పనివాళ్ళ సంతతి. పైవాళ్ళు సుఖపడీ సుఖపడీ మెదడు పోగొట్టుకుంటే, కిందవాళ్ళు చీకట్లో మిగిలిపోయి చివరికి పైవాళ్ళనే తింటారు. మన సినిమాలో ఆ వర్గాల గొడవ తీసేసి, బాంబులు పడ్డాయి కాబట్టి అందరూ కిందికి పోయారన్నారు. 1991 నాటికి చెర్నోబిల్ జరిగి ఐదేళ్ళు, ఆ ఏడాది మొదట్లోనే గల్ఫ్ యుద్ధం. రేడియేషన్ అంటే పల్లెటూళ్ళో కూడా వణుకు. సెట్టు మీకు నచ్చకపోవచ్చు, ఆ భయం మాత్రం ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్నదే.

కాలయంత్రం లాజిక్కు అడక్కండి. గతంలో వేలు పెట్టి వచ్చినా వర్తమానం మారలేదు. నా విద్యార్థి ఎవడైనా ఇలా రాస్తే సున్నా వేస్తాను. సినిమాకి మాత్రం నూటికి తొంభై.

పంటు రేవు (సఖినేటిపల్లి)

గట్టుగారూ, మీరు తీసెయ్యమంటున్న సినిమా నేను చూశానండి. నిజంగానే.

అప్పట్లో మాకు సినిమా అంటే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదారి దాటి నర్సాపురం రావాలి. రాత్రి చివరి పంటు దాటిపోయిందంటే రేవులోనే పడక. మా మావయ్య ఫస్టు షోకి తీసుకొచ్చాడు. హాల్లో ఏదో రీలు తెగింది, కరెంటు పోయింది, ఆలస్యమైపోయింది. హీరో హీరోయిన్లు విజయనగరంలో తప్పించుకుని మిషనెక్కారో లేదో, "లే, పంటు ఎల్లిపోద్ది" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాడు. నడిగోదారిలో ఏడుస్తుంటే "ఇంటికొచ్చేత్తార్లే, హీరో కదా" అన్నాడు. చాలా ఏళ్ళు నాకు ఆ సినిమా అక్కడితో సరి. 2504 అని ఎవడో బళ్ళో చెబితే కోతలనుకుని వాడితో తన్నుకున్నాను కూడా.

తర్వాత టీవీలో పూర్తిగా చూశాను. చెప్పొద్దూ, తన్నించుకున్నవాడికి ఆరోజు ఫోన్ చేద్దామనిపించింది.

వశిష్ఠ గట్టు

చూశారా? 2504 లేకుండానే ఈయనకి సినిమా గుండెల్లో నిలిచిపోయింది.

మూడో లాకు

నిలిచిపోవడం ఏంటండీ, ఆయన ఏడ్చానని రాస్తే! చదివి రాయండి.

పంటు రేవు

నన్ను ఇద్దరూ లాగకండి బాబూ. ఏడ్చింది సినిమా కోసమో, మావయ్య శనక్కాయలు కొనిపెట్టనందుకో నాకే గుర్తులేదు.

కొబ్బరి పీచు

సాక్షి ప్లేటు తిప్పేశాడు.

వశిష్ఠ గట్టు

లాకుగారూ, మీకు కోపం ఎందుకో నాకు అర్థం కావడంలేదు. నేను సినిమాని తిట్టలేదు. మాటలు రాసిన జంధ్యాల గారు మా నర్సాపురంలో పుట్టినాయన. ఆయన మాట వినడానికే సగం వెళ్ళాను. ఆ హాల్లో ఒక్క మాట వినపడితే ఒట్టు. హీరో కనపడిన ప్రతిసారీ అరుపులు, కాగితాలు, ఫోన్లు పైకెత్తి వీడియోలు. టిన్నూ ఆనంద్ సైంటిస్టుగా చేసిన తిక్క చేష్టలకి నవ్వాలంటే ముందు మాట వినపడాలి కదా. గేటు దగ్గరున్న కుర్రాడికి చెబితే "రీ-రిలీజ్ అంటే ఇంతే సార్" అన్నాడు. డబ్బులిచ్చి మూకీ సినిమా చూసొచ్చాను. పుష్పక విమానం మళ్ళీ వేసినట్టే.

ఆ మూకీలో కూడా విజయనగరం పండింది, 2504 పండలేదు. అదీ నేను చెప్పేది. మాట తీసేస్తే నిలబడేదే సినిమా.

మూడో లాకు

మాట తీసేస్తే నిలబడాలా? జంధ్యాల గారు మా ఊరివాడని మొదలెట్టి ఆయన మాటలు తీసేసి కొలుస్తారా? భేష్.

అణాకానీ

దీనికి సున్నా కూడా ఎక్కువ.

చూర్ణిక

ఆముక్తమాల్యదలో రాయలవారు ఊళ్ళలో వానాకాలం ఎలా ఉంటుందో వర్ణించారు, తడిసిన కట్టెలు మండక ఇల్లాళ్ళు పడే పాట్లతో సహా. ఆయన కలం అది. సినిమాలో ఆ రాజుని పాటకి తాళమేయడానికి కూర్చోబెట్టారు. దీని గురించి ఎవరికీ బాధ లేదు, అట్టలు మెరిశాయని బాధ.

లేసు కండె (నర్సాపురం)

చాలాసేపటినుంచి చదువుతున్నాను. అందరూ "మా చిన్నప్పుడు, మా చిన్నప్పుడు" అంటున్నారు. మగపిల్లల చిన్నప్పుడు అని రాసుకోండి, సరిగ్గా ఉంటుంది.

ఆ సినిమా వచ్చినప్పుడు నాకూ మీ వయసే. మా అన్నయ్యలిద్దరూ వెళ్ళారు. ఆడపిల్ల ఫస్టు షోకేంటి అని నన్ను పంపలేదు. ఆ టిక్కెట్టు డబ్బులు ఎక్కడివి అనుకున్నారు? మా అమ్మా నేనూ అరుగు మీద కూర్చుని అల్లిన లేసుకి ఏజెంటు విదిల్చిన చిల్లర. మెడలు వంగిపోయేలా అల్లితే దారం ఖర్చు పోను చేతిలో పడేది ఎంతో ఆ రోజుల్లో అల్లినవాళ్ళకి తెలుసు. వాళ్ళు తిరిగొచ్చి వారం పాటు అదే కథ. మిషను ఎలా తిరిగిందో, సిల్క్ స్మిత రాజనర్తకిగా ఎలా ఉందో, అన్నీ చేతులు తిప్పి మరీ చెప్పారు. హీరోయిన్ హేమ ఆ నర్తకిని నాట్యంలో ఓడించిందని మాత్రం ఒక్కడూ చెప్పలేదు. పెళ్ళయ్యాక క్యాసెట్లో చూసినప్పుడు తెలిసింది నాకు. సినిమాలో నాకు నచ్చింది అదే, ఇప్పటికీ అదే.

మా లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిందని అందరూ ఫోటోలు పెట్టారు. సంతోషం. ఆ 1991లోకి వెళదాం రమ్మంటే మాత్రం నేను రాను. నాకు ఆ మిషనిస్తే ముందుకే నొక్కుతాను. అక్కడ సెట్టు అట్టతో చేసినా సరే.

వశిష్ఠ గట్టు

అమ్మా, మీరు చెప్పింది బాధాకరమే. కానీ సినిమా బాగుందా లేదా అనే దానికి ఇది ఎలా సమాధానం?

లేసు కండె

మీరు మీ అబ్బాయి నవ్విన సంగతి రాస్తే అది సమాధానం. నేను మా ఇంటి సంగతి రాస్తే అది బాధాకరం. సరేనండి.

పంటు రేవు

అక్కా, మీరన్నది కరెక్టు. మా మావయ్య కూడా మా చెల్లిని తీసుకురాలేదు. ఇప్పటిదాకా నాకు తట్టనేలేదు.

వశిష్ఠ గట్టు

అందరూ కలిసి నా మీద పడ్డారు, పర్లేదు. లాకుగారిని మళ్ళీ సూటిగా అడుగుతున్నాను. ఇన్ని పోస్టులు రాశారు. 2504 భాగం బాగుందని, ఆ సెట్టు బాగుందని, ఆ సన్నివేశం పలానాది బాగుందని ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. సింగీతం గారి వయసు చెప్పారు, చెక్కా రంగూ చెప్పారు. మీకూ నచ్చలేదని నా అనుమానం. చిన్నప్పటి బొమ్మని ఎవరో పాతదన్నారని కోపం, అంతే.

మూడో లాకు

సెట్టు బాగుందని నేనన్నానా? ఎక్కడన్నాను చూపించండి. ఆ సెట్టు అప్పుడే అంత బాగోలేదు. మా ఊరి హాలుకి పెట్టె వచ్చేసరికి రీలు గీతలు పడి సగం కనపడేది కాదు, అది వేరే సంగతి.

నేను వాదిస్తున్నది ఎందుకంటే ఆ భాగం తీసేస్తే రాయలవారి వైభోగం ఒక్కటే మిగులుతుంది కాబట్టి. ముత్యాలు రాశులు పోసి అమ్మిన రోజులు, చూసొచ్చి మురిసిపోవడం. అదే మీక్కావాలి. ముందు ఏమవుతుందో చూపిస్తే అది అట్ట, అది పేలవం, అది కోసెయ్యి.

భూమ్మీద బతకలేక నీళ్ళకీ గాలికీ లెక్క కట్టుకునే రోజు మీకు సినిమాలో నవ్వొచ్చింది. మా వీధికి రండోసారి. మా ఇంటి నుయ్యి నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. బోరు నీళ్ళతో స్నానం చేస్తే సబ్బు నురగ రాదు. తాగడానికి టిన్నులు కొంటున్నాం, గోదారి డెల్టాలో! కాటన్ దొర బొమ్మకి దండలేసే ఊళ్ళో! చుట్టూ రొయ్యల చెరువులు. మధ్యలో మాకు మిగిలిన ముక్కలో ఉప్పు ఊట ఎక్కి వరి కంకి దశలో తెల్లబోయింది. 2504 మీకు ఇంకా రాలేదండి. మాకు వచ్చి చాన్నాళ్ళయింది.

కొబ్బరి పీచు

ఇది సినిమా చర్చ అనుకుని వచ్చాను.

వశిష్ఠ గట్టు

అయ్యా, రొయ్యల చెరువుకీ బాలకృష్ణకీ ఏం సంబంధం? మీ ఊరి బాధ మీద నాకు సానుభూతి ఉంది. కానీ రేడియేషను వేరు, ఉప్పునీళ్ళు వేరు. సినిమాలో చెప్పనిది సినిమాకి అంటగట్టకండి. ఇంతకీ చెరువులు తవ్వమని మిమ్మల్ని ఎవరన్నారు? ఊళ్ళో ఉన్నది మీరు.

మూడో లాకు

ఎవరన్నారా? పోయిన దీపావళికి ఇదే వేదికలో పొలాల ధరల మీద చర్చ నడిచింది. "మొగల్తూరు రోడ్డులో మాది చెరువుకిచ్చేశాం, వరి కన్నా నయం, ఏడాదికోసారి డబ్బులు ఖాతాలో పడతాయి" అని రాసింది ఎవరండీ? మీ పేరే ఉంది అక్కడ. ఊళ్ళో ఉన్నది నేనే, నిజం. తవ్వకానికి సంతకం పెట్టింది ఊళ్ళో లేనివాళ్ళు. అణాకానీ గారు చెప్పిన ఇంగ్లీషు నవలే నయం. పైన ఎవరు, కింద ఎవరు అన్నది వెల్స్ 1895లోనే సరిగ్గా రాశాడు.

వశిష్ఠ గట్టు

పాత పోస్టులు తవ్వి తీసి మొహాన కొట్టడం ఏం మర్యాద? సినిమా గురించి అడిగితే ఆస్తి కాగితాలు బయటపెడతారా?

చెప్పమన్నారు కాబట్టి చెబుతాను. మా నాన్న వరి వేసి అప్పులపాలైన మనిషి. ఎరువు ధర, కూలి ధర, తుపానుకి పడిపోయిన చేను, తడిసిన ధాన్యం కొనేవాడు లేక రోడ్డు మీద ఆరబోసుకోవడం, ఇవన్నీ చూసి పెరిగాను. 2011లో కోనసీమ రైతులు గిట్టక పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు, మర్చిపోయారా? వాళ్ళెవరూ హైదరాబాద్ వాళ్ళు కాదు. మా చుట్టుపక్కల నాలుగువైపులా చెరువులయ్యాక మధ్యలో మాకు వరి పండే మార్గం లేదు. అప్పుడిచ్చాం. నాన్న మందుల ఖర్చు ఆ డబ్బులతోనే నడుస్తోంది. మీరు వరి పండించి మాకు బియ్యం పంపలేదు కదా.

వైభోగం చూసి మురిసిపోతాననీ అన్నారు. అవును, మురిసిపోతాను. రోజంతా ఆఫీసులో చచ్చి, ఏడాదికోసారి ఊరొస్తే కాలవ గట్టు మీద నడుద్దామంటే కంపు. నాకు మిగిలింది ఆ సినిమానే. అందులో కూడా అంతా నాశనమైపోయిందని చూపించే ముక్క నాకు అక్కర్లేదు. ఇదీ కారణం. చాలా?

అణాకానీ

ఇదే మొదటి పోస్టులో రాసుంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు. మెరుపు బట్టల మీద నెట్టారు.

లేసు కండె

గట్టుగారికి పాతది కావాలి, అందులో తెగులు వద్దు. లాకుగారికి తెగులు కనపడాలి. ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరికీ పొలం ఉంది. పొలం లేనివాళ్ళం చెరువుల దగ్గర రొయ్య తలలు తీసే షెడ్డుల్లో పనికెళుతున్నాం. మా వీధిలో లేసు మానేసి అటు వెళ్ళినవాళ్ళు ఎంతమందో. చేతులు పగిలిపోతాయి, కానీ వారం వారం డబ్బులొస్తాయి, ఏజెంటు చుట్టూ తిరగక్కర్లేదు. చెరువులు మూసెయ్యాలంటే వాళ్ళకేం చెబుతారో అది కూడా రాయండి.

మూడో లాకు

అమ్మా, వాళ్ళ పొట్ట కొట్టమని నేననలేదు. తాగే నీళ్ళు అడుగుతున్నాను.

లేసు కండె

ఆ టిన్నులు మీ ఇంట్లో ఎవరు మోస్తారు?

మూడో లాకు

మా ఆవిడ. తెచ్చేది ఆటోవాడు, గుమ్మం నుంచి లోపలికి ఆవిడ.

కొబ్బరి పీచు

దొరికిపోయారు.

నిర్వాహకులు

సినిమా మీద ఉండండి. పొలాల మీద వేరే చర్చ తెరుచుకోవచ్చు. ఒకరి పాత పోస్టులు ఒకరు ఎత్తిపొడవడం ఆపండి.

చూర్ణిక

సినిమా మీదే ఉంటాను. విరూరి వేదాద్రి గురించి ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు.

పంటు రేవు

మాస్టారూ, ఆ వేదాద్రిగారి ఊరెక్కడో చెబితే మా పంటు మీద దింపేస్తాం.

మీ ఇద్దరికీ ఒక మాట. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న సెలవుల్లో ఈ సినిమా పెట్టాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ పిల్లాడు ఒక్కడే దాక్కుని దొంగల్ని చూసే చోట ఊపిరి బిగబట్టి చూసింది. ఆ పిల్లాడే నువ్వే కావాలి తరుణ్ అంటే నమ్మలేదు. 2504 దగ్గర నవ్వలేదండి. "వీళ్ళు బయటికెళ్ళి ఎన్నేళ్ళయింది?" అని అడిగింది. గట్టుగారి అబ్బాయి ఒక్కడి నవ్వు మీద తీర్పు చెప్పెయ్యక్కర్లేదని రాస్తున్నా.

వశిష్ఠ గట్టు

మీ అమ్మాయి మంచిది. నా అభిప్రాయం మారలేదు.

లాకుగారూ, నిర్వాహకులు ఊరుకోరు కాబట్టి పొట్టిగా. మా లీజు గడువు వచ్చే ఏడాదితో అయిపోతుంది. వరి వేస్తాను, కౌలుకివ్వండి అని మీరు ముందుకొస్తే మా అన్నయ్యతో మాట్లాడతాను. ఉత్తినే అనడంలేదు.

మూడో లాకు

వరా? అన్నేళ్ళు ఉప్పునీళ్ళు నిలిచిన నేల అది. ఎన్ని వానాకాలాలు మంచినీళ్ళు పెట్టి కడిగితే దారికొస్తుందో చెప్పేవాడు లేడు. పెట్టడానికి శివారు కాలవలో నీళ్ళేవి? పైవాళ్ళు తోడుకోగా మాకొచ్చేది తడి. నాలుగువైపులా చెరువులు అలాగే ఉండగా మధ్యలో మీదొక్కటి వరి వేస్తే మళ్ళీ ఊటే. నన్ను ముంచడానికి పిలుస్తున్నారు మీరు.

పోనీ వేద్దాం. ముందు ఆ చెరువు గట్లు కొట్టించి నేల చదును చేయించాలి. అది ఎవరు చేయిస్తారు?

వశిష్ఠ గట్టు

లీజు తీసుకున్నవాడే చదును చేసి అప్పజెప్పాలని కాగితంలో రాయించాం.

మూడో లాకు

కాగితంలో అందరూ రాయిస్తారండి. అలా చదును చేసి ఇచ్చినవాణ్ణి మన చుట్టుపక్కల ఒక్కణ్ణి చూపించండి.